కనిపించని మేకు

పాతాళగండి అడుగున పడుకున్న మంచు, పొద్దుపొడుపు తాకగానే పొంగిన పాలలా గట్ల దాకా లేచింది. ఆ తెల్లటి పొంగు మీద కందరపురి నగరం తేలుతున్నట్టు కనిపించింది. తొమ్మిది శిఖరాలు, శిఖరానికొక పేట. పేటకూ పేటకూ నడుమ కిత్తనారతో పేనిన వంతెనలు. వంతెనల పొడవునా వేలాది కంచు గంటలు. మేడల మీద పగడపు కలశాలు, గవాక్షాలకు నెమలికంఠం రంగు తెరలు. చిరుగాలి వీచినా చాలు, నగరమంతా ఒక వీణలా పలికేది.

ఆ ఉదయం ఒక్క గంటా పలకలేదు. గంటల నాలుకలకు గుడ్డలు చుట్టి ఉన్నాయి.

యువరాజు మణిధరుడు నడుస్తుండగా వంతెన కూలి, ఆయన పాతాళగండిలో పడిపోయి అది నలభయ్యో రోజు. ఆ వంతెన తాళ్ళు పేనింది నారవాడ పోలమ్మ. ఆ సాయంత్రం సూర్యుడు గండిలోకి దిగే వేళకు, యువరాజు పడిన చోటునుంచే పోలమ్మను కిందికి తోసెయ్యాలని రాజశాసనం.

పోలమ్మ తనవైపునుంచి ఒక్క మాటా చెప్పుకోలేదు. చెప్పుకోనివ్వలేదు. కందరపురి కొలువులో అందరికీ నోరుండదు. తర్కవాటికలోని మూడు వాకిళ్ళూ దాటి రాగి కడియం తొడుక్కున్నవాళ్ళే అక్కడ నోరు విప్పాలి. మిగతావాళ్ళు పళ్ళ మధ్య మోదుగాకు కరిచి నిలబడాలి. నేరం మోపబడినవాళ్ళకు తీర్పు అమలయ్యేదాకా ఆ ఆకు ఉంటుంది; అన్నం తినే వేళ తప్ప తీయరు. నలభై రోజులుగా పోలమ్మ ఆకు కరిచే ఉంది. మాంత్రికుడు, మహామంత్రి అయిన ధూమకేశుడు మాత్రం రోజూ మాట్లాడుతూనే ఉన్నాడు.

తర్కవాటిక గుమ్మం ముందు పోలమ్మ తమ్ముడు బయ్యన నిలబడ్డాడు. ఇరవై నాలుగేళ్ళవాడు. నడుముకు నారతాడు చుట్టుకున్నాడు. అతని వంశంలో అక్షరం ముట్టిన మొదటివాడు అతనే. అక్క తాళ్ళు పేని, అతనికి పలకా బలపం కొనిపెట్టి చదివించింది. వాటికలోకి ఎవరైనా రావచ్చని శాసనమైతే ఉంది. నారవాడనుంచి ఇంతవరకు వచ్చినవాళ్ళే లేరు.

అతని పక్కన కర్ర ఊతంగా ఒక ముసలివాడు. పేరు ఓబులు.

"అన్నా, గుండె దడగా ఉందా?" అన్నాడు ముసలివాడు.

"ఉంది, ఓబులూ."

"ఉండాలి గదా. నాకు ఐదుసార్లూ లేదు. అందుకే ఇట్లా అయినాను."

చూసేవాళ్ళకు విడ్డూరంగా ఉండేది ఆ పిలుపు. డెబ్బై దాటిన తాత ఆ పిల్లవాణ్ణి అన్నా అంటాడేమిటి! నిజానికి ఓబులు వయసు ఇరవై మూడు. మొదటి వాకిట తప్పినవాడి ఆయుష్షులో పదేళ్ళు అక్కడే రాలిపోతాయి. ఓబులు పద్దెనిమిదో ఏట మొదలుపెట్టి ఏడాదికొకసారి ఐదుసార్లు తప్పాడు. రెండో వాకిట తప్పితే ఇరవై ఏళ్ళు పోతాయి. మూడో వాకిట తప్పితే మిగిలిన ఆయుష్షంతా. వాటిక ప్రాకారం పొడవునా నిలబడిన రాతి మనుషులు ఒకప్పుడు అలా తప్పినవాళ్ళే.

"పాఠం చెప్పించుకోడానికి గెలిచినోళ్ళ దగ్గరికి పోకుండా నా దగ్గరికొచ్చినావు చూడు, అదే నీ తెలివి" అన్నాడు ఓబులు. "గెలిచినోడికి తన ఒక్క దారే తెలుసు. నాకు గుంతలన్నీ తెలుసు. ఇంకోసారి చెప్పు, ఎవరైనా ఒక మాట అంటే ఏం చెయ్యాల?"

"ఏం చెప్పారో చూడాలి. ఏం చెప్పలేదో చూడాలి. చెప్పిన మాట ఆ చెప్పని దాని మీద ఎంత బరువు వేసిందో చూడాలి."

"అంతే. ఇంకొకటి. వాకిట్లో కోపం తెచ్చుకోబాక."

అంతలో గుర్రపు డెక్కల చప్పుడైంది. దండనాయకుడి కొడుకు వీరకేసరి, సరిగంచు పట్టు పంచెలో దిగాడు. బయ్యనను కిందినుంచి పైదాకా చూశాడు.

"ఏంరా తాళ్ళోడా, వాకిలికి తోరణం కట్టడానికి వచ్చావా?"

"లేదు దొరా. దాటడానికి."

"అయితే నా వెనకాల రా. ఎట్లా దాటాలో చూసి నేర్చుకో."

నవ్వుకుంటూ లోపలికి వెళ్ళాడు. లోపల ఒక గంభీరమైన గొంతు ఏదో అడిగింది. "మోగింది!" అని వీరకేసరి అరిచిన కేక బయటికి వినిపించింది. మరుక్షణం అతను తూలుతూ బయటికొచ్చాడు. చెంపలు నెరిశాయి. నడుము లావెక్కి పట్టు పంచె ముడి ఊడిపోయింది. ఎవరివైపూ చూడకుండా, గుర్రం సంగతే మరిచిపోయి నడిచి వెళ్ళిపోయాడు. గుమ్మం ముందున్నవాళ్ళెవరూ నవ్వలేదు.

బయ్యన ఓబులు పాదాలు తాకాడు.

"నాకు మొక్కుతావేందన్నా, చిన్నోణ్ణి!" అని ఓబులు వెనక్కి జరిగాడు. అతని కళ్ళు మాత్రం చెమ్మగిల్లాయి.

మొదటి వాకిలి నల్లరాతిది. తలుపు నిండా ఒకే ముఖం చెక్కి ఉంది. కనురెప్పలు రాతివే అయినా తెరుచుకున్నాయి.

"మానవుడా, విను. గంట మోగినప్పుడల్లా వంతెన మీద కాపలా మారుతుంది. ఇది సత్యం. ఇప్పుడు కాపలా మారింది. ఇదీ సత్యం. గంట మోగిందా, మోగలేదా?"

వీరకేసరి గతి చూశాక కూడా, 'మోగింది' అన్న మాట బయ్యన నాలుక చివరికే వచ్చింది. పుట్టినప్పటినుంచి గంట వింటున్నాడు, కాపలా మారడం చూస్తున్నాడు. కానీ ఎప్పుడూ గంటకేనా? కావలివాడికి జ్వరం వచ్చినా మారుతుంది. వాడి భార్యకు పురుడొచ్చినా మారుతుంది.

"చెప్పలేం" అన్నాడు.

రాతి పెదవులు వెటకారంగా వంకర తిరిగాయి. "ఇన్నాళ్ళు చదివి, తెలియదని చెప్పడానికి వచ్చావా?"

సిగ్గుతో బయ్యన చెవులు వేడెక్కాయి. ఈ సిగ్గుకే నా యాభై ఏళ్ళూ పోయినాయన్నా, అని ఓబులు చెప్పిన మాట జ్ఞాపకం వచ్చింది.

"గంట మోగితే కాపలా మారుతుందన్నారు. గంట మోగకపోతే మారదని అనలేదు. మీరు అనని మాటను మీ నోట పెట్టి నేను జవాబు చెప్పను."

రాతి ముఖం నిలువునా రెండుగా చీలి దారి ఇచ్చింది.

రెండో వాకిలి ఒక గుండ్రటి గది. నేలంతా బంగారు రంగు ఇసుక. గోడల మీద నవరత్నాల తీగలు, తీగలకు ముత్యాల మొగ్గలు, మొగ్గల మీద వాలినట్టు మరకత తుమ్మెదలు. నాలుగు దిక్కులా నాలుగు తలుపులు. బయ్యన అడుగు పెట్టగానే వచ్చిన దారి మూసుకుపోయింది. ఇసుక సుడి తిరిగి అతన్ని మోకాళ్ళ దాకా మింగింది. కప్పునుంచి గొంతు పలికింది:

"ధూమకేశుడు హోమం చేసిన ప్రతి ఏడూ వాన కురిసింది. కనుక ధూమకేశుడి హోమమే వాన కురిపిస్తోంది. ఈ మాట నడుము విరిచేది ఏ తలుపు మీద ఉందో, ఆ తలుపు తెరువు!"

ఎదుటి తలుపు మీద, 'హోమానికి నూరు కడవల నెయ్యి పడుతుంది' అని ఉంది. ఎడమ తలుపు మీద, 'హోమం పొగ నల్లగా ఉంటుంది' అని. కుడి తలుపు చేతికందే దూరంలో ఉంది. దాని మీద, 'ధూమకేశుడు అబద్ధాలకోరు' అని రాసి ఉంది.

ఇసుక నడుము దాటింది. బయ్యన చెయ్యి దానంతటదే కుడి తలుపు మీదికి పోయింది. నలభై రోజులుగా వాడి ప్రతి మాటనూ ఆకు కరిచి విన్నాడు. వాడు అబద్ధాలకోరు కాక మరేమిటి! వేళ్ళు గడియను తాకాయి.

ఆగిపోయాడు.

అబద్ధాలకోరు నిప్పు కాలుస్తుందన్నా నిప్పు కాలుస్తుంది. మనిషిని కొట్టినంత మాత్రాన మాట పడదు. వాన సంగతి ఈ తలుపు మీద లేదు.

మెడ తిప్పి చూశాడు. నాలుగో తలుపు అతని వీపు వెనక, గదికి ఆ చివర ఉంది. దాని మీద చిన్న అక్షరాలు: 'చీమలు గుడ్లు మోసుకుని గట్టెక్కాకే ధూమకేశుడు హోమానికి కూర్చుంటాడు.'

అంటే వాన వచ్చే సూచన చూసుకుని వాడు కూర్చుంటున్నాడు! వాడు కూర్చోకపోయినా ఆ వాన వచ్చేదే కదా!

ఇసుక గుండెల దాకా వచ్చింది. అడుగు తీయడం కుదరదు. బయ్యన నడుము తాడు విప్పి, ఉచ్చు వేసి, తల మీదుగా తిప్పి విసిరాడు. తప్పింది. ఇసుక గొంతుకు తగిలింది. మళ్ళీ విసిరాడు. ఉచ్చు తలుపు ఉంగరానికి పడింది. బావిలోంచి కడవను లాగినట్టు తనను తాను లాక్కున్నాడు. అరచేతులు చిట్లాయి. తలుపు తెరుచుకుని అతన్ని తాడుతో సహా ఆవలికి విసిరేసింది.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఒక అగాధం. దాని మీద ఒకే ఒక్క తాళ్ళ వంతెన. ఆవలి గట్టున తెల్లటి వెలుగులో ఒక ఆడమనిషి.

పోలమ్మ!

"తమ్ముడూ! నన్ను వదిలిపెట్టారు. ఇంక నీకీ పరీక్ష ఎందుకు? త్వరగా రా! తాడు నేను పేనిందే!"

బయ్యన కాలు ముందుకు పడబోయింది. అయినా నారవాడ బిడ్డ కనుక తాడును పరీక్షించకుండా అడుగు వేయలేదు. వేలాడుతున్న కొసను చెకుముకి నిప్పుకు చూపించి పొగ వాసన పీల్చాడు. మాడిన బెల్లం వాసన. అంటే పచ్చి నార కలవలేదు. పురి విప్పి చూశాడు. ఎడమవైపు తిప్పిన పురి. అక్క చేతి పురే. ఇంకేం కావాలి? వంతెన ఎక్కి పరుగెత్తాడు.

తాడు కట్టిన మేకును మాత్రం అతను చూడలేదు. నారవాడలో ఎవరూ చూడరు. మేకు కమ్మరి పని. ఎదుటివాడి మేకును తట్టి చూడటం వాణ్ణి అవమానించడమని, అక్కడ పిల్లలకు నడకతో పాటే నేర్పే మర్యాద.

నడుమకు చేరాడో లేదో, ఆవలి గట్టున ఆమె వంగి మేకును ఊడలాగింది.

వంతెన విరిగిన రెక్కలా కిందికి వాలింది. బయ్యన తాడును కరుచుకున్నాడు. రాతి గోడకు భుజం బలంగా కొట్టుకుంది. కింద చీకటి నోరు తెరిచింది. పైన ఆ ఆడరూపం తలలోంచి పొగ లేచింది, జుట్టంతా పొగ అయింది. ధూమకేశుడు!

'పుట్టిన్నాటినుంచి అక్క నన్ను తమ్ముడూ అని పిలవనేలేదు. ఒరే బయ్యా అంటుంది. అదైనా చూసుకోలేదే!' అనుకున్నాడు బయ్యన.

"పడిపో, తాళ్ళోడా! మీ అక్కకు తోడుగా పో!" అని నవ్వాడు మాంత్రికుడు.

ఆ నవ్వును అణచివేస్తూ అగాధమే పలికినట్టు మూడో వాకిలి గొంతు వినిపించింది. మూడో వాకిలి ప్రశ్న ఎప్పుడూ వచ్చినవాడి గుండెలోంచే వస్తుంది.

"తాడు తెగితే వంతెన కూలుతుంది. వంతెన కూలింది. తాడు పేనింది పోలమ్మ. కనుక దోషి పోలమ్మ. ఈ మాట దేనికి వేలాడుతోంది? మూడు ఊపిర్లలో చెప్పు!"

మొదటి ఊపిరి. అక్క అటువంటిది కాదు, అని చెప్పబోయాడు. అది జవాబు కాదు.

రెండో ఊపిరి. అక్క తాడు తెగదు, అని చెప్పబోయాడు. ఏ తాడైనా ఏదో ఒకనాడు తెగుతుంది. అదీ జవాబు కాదు.

చేతులు జారుతున్నాయి. తలెత్తి చూశాడు. తను పట్టుకున్న తాడు నిక్షేపంగా ఉంది. ఒక్క పోగైనా తెగలేదు.

వంతెన మాత్రం కూలింది.

"తాడు తెగడం ఒక్కటే వంతెన కూలడానికి దారి అనుకున్నారు!" అని అరిచాడు బయ్యన. "ఆ మాట ఎవరూ పైకి అనలేదు. తీర్పంతా దానికే వేలాడుతోంది. మేకు ఊడినా వంతెన కూలుతుంది. అక్క పేనిన తాడును అందరూ చూశారు. దాన్ని కట్టిన మేకును ఎవరూ చూడలేదు. నేను కూడా చూడలేదు!"

రాతి గోడలోంచి ఒక్కొక్కటిగా మెట్లు బయటికొచ్చి అతని పాదాల కింద ఆగాయి. కుడి మణికట్టు మీద చల్లగా ఏదో బిగిసింది. రాగి కడియం.

పైన పొగ చెదిరిపోయింది.

వాటికలో ఒక ఘడియ గడిచిందనుకున్నాడు బయ్యన. బయటికొచ్చేసరికి పొద్దు పడమటి కొండ మీద కుంకుమ రాశిలా ఒరిగి ఉంది. ఓబులు గుమ్మం దగ్గరే కూర్చుని ఉన్నాడు. కడియం చూశాడు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

"ఏడవడానికి పొద్దు లేదన్నా, పద పద!"

పరుగెత్తారు. కంసాలిపేట వంతెన దాటారు. పూలపేట వంతెన మీద నల్లటి పొగ కమ్ముకుని తాళ్ళు అంటుకున్నాయి. బయ్యన ఓబులును వీపున వేసుకున్నాడు. ఆ ఎముకల గూడుకు బరువే లేదు. మండుతున్న వంతెన పక్కన నీళ్ళ కడవలు జార్చే ఏటవాలు తాడుంది. దాని మీద నడుము తాడు వేసి రెండు కొసలూ పట్టుకుని గాలిలోకి దూకాడు. వెనక వంతెన నిప్పుల హారంలా తెగి లోయలోకి రాలింది. ఇద్దరూ పాతాళగండి గట్టు మీద దొర్లుకుంటూ ఆగారు.

కొలువు అక్కడే తీరి ఉంది. తెల్లటి సంతాప వస్త్రాలలో సింహదత్త మహారాజు. ఆయన కుడిపక్క ధూమకేశుడు, జుట్టు చక్కగా దువ్వుకుని. గట్టు అంచున పోలమ్మ, కాళ్ళకు సంకెళ్ళు, పళ్ళ మధ్య మోదుగాకు. పక్కనే యువరాజు జ్ఞాపకంగా జనం నలభై రోజులుగా పోస్తున్న పూలు నిలువెత్తు గుట్టగా ఉన్నాయి. ఆ గుట్టను కదిలించరాదని ధూమకేశుడి ఆజ్ఞ.

"ఆగండి!" అని బయ్యన రాగి కడియం ఎత్తి చూపించాడు.

జనంలో హోరు లేచింది. నారవాడవాళ్ళు ఆకులు కరిచి ఉండటంతో అరవలేక నేలను అరచేతులతో చరిచారు.

"నీకు మాట హక్కు ఉంది. చెప్పు" అన్నాడు రాజు. ఆయన కళ్ళు నిద్రలేక ఎర్రబడ్డాయి. "నీ అక్క దోషి కాకపోతే, నా బిడ్డను చంపిందెవరు?"

బయ్యన ధూమకేశుడి వైపు చూశాడు. వీడే. వంతెన మేకు పీకిన చేతులను నా కళ్ళతో చూశాను. ఒక్క మాట అంటే చాలు, ఈ జనం వాణ్ణి చీల్చేస్తారు.

కానీ చూసింది తన వంతెన సంగతి. అక్క వంతెన సంగతి కాదు. ఇప్పుడు వాడి పేరు చెబితే, వాడు అక్కకు చేసిందే తనూ చేసినట్టవుతుంది.

"తెలియదు, మహారాజా" అన్నాడు.

ధూమకేశుడు పెద్దగా నవ్వాడు. "విన్నారా ప్రభూ! మూడు వాకిళ్ళు దాటి తెచ్చిన జ్ఞానం!"

"తెలియనిది తెలియదంటున్నాను, మంత్రిగారూ. తెలిసినట్టు మాట్లాడితేనే మా అక్క ఇక్కడ నిలబడింది." బయ్యన రాజు వైపు తిరిగాడు. "మహారాజా, నాకు కావలసింది ఒక్కటే. ఆ పూలు తీయించండి."

"యువరాజుకు అపచారం!" అని అరిచాడు ధూమకేశుడు.

రాజు పూలగుట్ట వైపు తిరిగాడు. తర్వాత తనే లేచి వచ్చి, వంగి, మొదటి దోసెడు పూలు పక్కకు తీశాడు. అది చూసి భటులు కదిలారు. వాడిన బంతులూ మల్లెలూ మట్టిలా పక్కకు పోయాయి. కింద గట్టు రాయి కనిపించింది. కూలిన వంతెన తాళ్ళు కట్టిన చోటు అదే. కుడి పక్క ఇనుప మేకు నిటారుగా ఉంది.

ఎడమ పక్క ఉత్త గుంత.

నలభై రోజులు నగరమంతా తాడు తెగిందనే మాట్లాడింది. అడుగు దూరంలో ఉన్న గుంతను ఒక్కరూ చూడలేదు.

"ధూమకేశుడే!" అని ఎవరో ఆకు ఉమ్మేసి అరిచారు. "పీకింది వాడే!"

"తెలియదు!" అని మళ్ళీ అన్నాడు బయ్యన, ఈసారి జనంతో.

ధూమకేశుడు తేరుకున్నాడు. "ప్రభూ, పోలమ్మ తాడును అతిగా బిగించింది. ఆ లాగుడుకే మేకు ఊడింది. అప్పుడూ దోషి ఆమే కదా?"

"కావచ్చు" అన్నాడు బయ్యన. ఆ మాటకు పోలమ్మ కూడా తలెత్తి చూసింది. "తాడు లాగితే ఊడిన మేకు వంకర పోతుంది. చేత్తో పీకిన మేకు తిన్నగా ఉంటుంది. ఏది నిజమో ఆ మేకే చెబుతుంది. అది గండి అడుగున ఉంది. నేను దిగి తెస్తాను."

పాతాళగండిలోకి దిగి తిరిగి వచ్చినవాళ్ళు లేరు. రాజు సూర్యుడి వైపు చూశాడు. సగం బింబం అప్పటికే గండిలోకి దిగింది.

"రేపు ఈ వేళదాకా గడువు" అన్నాడు. "అందాకా వాదం తెగలేదు. ఆమె నోటిలో ఆకు తీయండి."

నారవాడవాళ్ళు ఉన్న తాళ్ళన్నీ ముడివేశారు. బయ్యన కొసను నిప్పుకు చూపి వాసన చూశాడు. తర్వాత, తాత ముత్తాతలు ఎవరూ చేయని పని చేశాడు. కమ్మరి పెద్ద బసవాచారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మామా, తప్పుగా అనుకోవద్దు. నీ మేకును ఒకసారి తట్టి చూసుకుంటాను."

బసవాచారి ముఖం కందిపోయింది. మీసం అదిరింది. ఆయన ఉత్త గుంత వైపు చూశాడు, ఆపైన పోలమ్మ వైపు. తన సుత్తి తనే తీసి బయ్యన చేతిలో పెట్టాడు.

"ఈ మాట నలభై రోజుల ముందే ఎవడైనా అడిగి ఉంటే బాగుండేదిరా, అల్లుడా. కొట్టు. గట్టిగా కొట్టు."

ఖణేల్మంది మేకు. రాయి లోపలిదాకా గట్టిగా ఉంది.

బయ్యన ఆ సుత్తిని మొలలో దోపుకుని, కొస పొడుగ్గా కిందికి వేలాడేలా తాడు నడుముకు బిగించుకుని గట్టు అంచున కూర్చున్నాడు. వెనక బొంగురు గొంతు ఒకటి వినిపించింది. నలభై రోజులు వాడని గొంతు.

"ఒరే బయ్యా! మేకు చూసుకున్నావా?"

"చూసుకున్నానక్కా."

"అయితే పో."

పోలమ్మ సంకెళ్ళతోనే నాలుగడుగులు వేసి వచ్చి, తాడు పట్టుకున్న ఓబులు పక్కన నిలబడి తనూ పట్టుకుంది. వాళ్ళ వెనక ఎక్కడో ధూమకేశుడి ఆసనం ఖాళీగా ఉంది. అతను ఎప్పుడు లేచి వెళ్ళాడో ఎవరూ గమనించలేదు.

బయ్యన దిగాడు. మంచు అతని మీద మూత వేసింది. పైన దివిటీలు చుక్కలయ్యాయి, చుక్కలు మాయమయ్యాయి. గోడల మీద నీలి కాంతి పుట్టగొడుగులు వెలుగుతున్నాయి. తోక చివర మణి ఉన్న తెల్లటి పాము ఒకటి అతని మోచేతిని రాసుకుంటూ పోయింది. నూరు బారలు. నూటయాభై. తాడు అయిపోవచ్చింది. నడుమునుంచి వదిలిన తాడు కొస మాత్రం కాళ్ళ కింద ఇంకా చీకట్లోకి వేలాడుతోంది.

ఉన్నట్టుండి ఆ తాడు కొసను కిందినుంచి ఎవరో లాగారు.

ఒకసారి. ఆగి, మరోసారి. ఆగి, ఇంకోసారి.

మూడు లాగులంటే 'ఉన్నాను, వదలొద్దు' అని నారవాడ సంకేతం. చిన్నప్పుడు కోటలోంచి పారిపోయి వచ్చి పోలమ్మ అరుగు మీద కూర్చుని యువరాజు మణిధరుడు నేర్చుకున్న సంకేతం. ఆ అరుగు మీద పొగలా తిరిగిన ఏ మాంత్రికుడైనా నేర్చుకుని ఉండగలిగిన సంకేతం.

కింద ఉన్నది యువరాజేనా?

'చెప్పలేం' అనుకున్నాడు బయ్యన.

మొలలోంచి బసవాచారి సుత్తి తీసి చేతబట్టుకుని, దిగాడు.